అగరొత్తి కాలేదాకా

మా ఊళ్లో ఓడలూ వానలూ కలిసే వస్తాయి. చన్ మై రేవులో ఆ ఏటి మొదటి యాత్రికుల ఓడ ఆగిందన్న కబురు అందే వారానికే మా దొడ్లో పంపరపనస చెట్ల కింద నీళ్లు నిలిచి, గోడల మీదికి నాచు ఎక్కుతుంది. అక్కడినుంచి కొత్త సంవత్సరపు టెట్ పండుగ దాటేదాకా రెండూ వదలవు.

ఆ ఏడు ఓడల కాలం మొదలవకముందే టూరు కంపెనీ ఆఫీసుకు వెళ్లి నేను ఒక్క రోజు అడిగాను. పదో నెల పున్నమి మర్నాడు మా ఇంటికి బస్సు పంపవద్దన్నాను. అది నా భర్త ఖియెమ్ మొదటి సంవత్సరీకం. ఆఫీసులో అమ్మాయి లేచి నిలబడి, రెండు చేతులతో టీ అందించి, తప్పకుండా అక్కా అంది. ఆ రోజు ఓడ ఏదీ లేదని కంప్యూటర్లో చూసి మరీ చెప్పింది. అంతకుమించి నేను కోరింది లేదు. ఒక్క రోజు తలుపులు వేసుకుని, బయటివాళ్లెవరూ లేకుండా ఆయనకు అన్నం పెట్టుకోవాలనుకున్నాను.

ఖియెమ్ పన్నెండేళ్లు ఓడ ప్రయాణికులకు గైడుగా చేశారు. పొద్దున్నే రేవుకు వెళ్లి ఒక బస్సెడు జనాన్ని మా ఊరు హుయే తీసుకొచ్చేవారు. రాజుల కోట చూపించి, మధ్యాహ్నం కిమ్ లాంగ్ పేటలో మా తోటయింట్లో భోజనం పెట్టించి, ఒక రాజు సమాధి చూపించి, చీకటి పడకముందే మళ్లీ ఓడ ఎక్కించాలి. ఇంట్లో భోజనమన్నది ఆయన ఆలోచనే. మా అత్తగారు అరిటాకులో చుట్టి ఉడికించే రొయ్యల బాన్ నామ్ ఒకసారి తిన్నవాళ్లకు హోటలు తిండి నోటికి ఎక్కదని ఆయన నమ్మకం.

కిందటేడు అలాంటి ఒక రోజున, భోజనాల మధ్యలో ఆయన అరుగు మీద కూర్చుండిపోయారట. నేను టీచరును, బడిలో ఉన్నాను. అత్తగారు అల్లం టీ కాచి ఇచ్చారట. ఏమిట్రా అంటే ఏం లేదమ్మా అన్నారట. అందరినీ వేళకు రేవు చేర్చి, ఓడ మెట్ల దగ్గర ఒక్కొక్కరికీ చెయ్యి ఊపి, తిరుగు బస్సులో తన సీటులో కూర్చున్నారు. ఉప్పునీటి సరస్సు పక్కన వస్తున్నప్పుడు డ్రైవరు బాంగ్ అన్న ఏదో అడిగితే జవాబు రాలేదు. ఓడ అప్పటికే కదిలిపోయింది.

అందుకని ఈ ఏడు ఇక మా ఇంటికి బస్సులు రావనుకున్నాను. నేను ఆ ఒక్క రోజు అడగడానికి ముందే, అత్తగారు నాతో మాటమాత్రం అనకుండా కంపెనీకి సరేనని చెప్పేశారు. ఊళ్లో ఇన్ని హోటళ్లున్నాయి కదా అత్తయ్యా అంటే, ఉంటే ఉండనీ అన్నారు. ఆవిడతో వాదన అంతకంటే సాగదు.

కొత్త గైడు పేరు లాప్. ముప్పై దాటని మనిషి, ఇంకా పెళ్లికాలేదు. ఖియెమ్ వెంట రెండేళ్లు తిరిగి పని నేర్చుకున్నాడు. మొదటి బస్సు ఒక ఆదివారం వచ్చింది. నేను లోపలి గదిలో పిల్లల పరీక్ష పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. అరుగు మీద తడి గొడుగుల చప్పుడు, బూట్లు విప్పుతున్న చప్పుడు, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుకోవడం వినిపించాయి. ఒక పెద్దమనిషి తన వానకోటు తీసి మా పూజపీఠం కొయ్యకమ్మీ మీద ఆరేశాడు. నేను వెళ్లి తీసి, ఏమీ అనకుండా కొక్కేనికి తగిలించి వచ్చాను. ఆయన నాకు థాంక్స్ చెప్పాడు.

తర్వాత లాప్ మాట్లాడటం మొదలుపెట్టాడు. నా చేతిలో ఎర్ర పెన్ను అలాగే ఆగిపోయింది.

"హుయేలో ఎవరైనా మిమ్మల్ని అన్నం తింటారా అని అడిగితే రెండుసార్లు వద్దనాలి. మూడోసారి సరే అనాలి. అదీ మర్యాద. మా గురువుగారు పెళ్లిచూపులకు వెళ్లారు. కాబోయే అత్తగారు అన్నం తినమంది. వద్దన్నారు. మళ్లీ అడిగింది. వద్దన్నారు. మూడోసారి ఆవిడ అడగలేదు. అన్నం పెట్టలేదు గనక అమ్మాయినిచ్చి సరిపెట్టింది."

ఇంగ్లీషులో చెప్పాడు, అచ్చం ఖియెమ్ మాట్లాడే తీరులో. 'వద్దన్నారు' దగ్గర గొంతు తగ్గించడం కూడా ఆయనదే. నవ్వు మాత్రం పలచగా వచ్చింది. ఆ అమ్మాయిని నేను. ఆ కథ అబద్ధం. పన్నెండేళ్లు ఆయన దాన్ని ఓడలవాళ్లకు చెప్పారని లాప్ నోట విన్నాకే నాకు తెలిసింది. ఓడ వచ్చే రోజుల్లో నేనెప్పుడూ బడిలోనే ఉండేదాన్ని. ఇంటికొచ్చాక ఖియెమ్‌కు మాట్లాడటానికి గొంతు మిగిలేది కాదు. కాళ్లు కడుక్కుని, అన్నం తిని, రేడియో పక్కన కూర్చునేవారు. రోజంతా మాట్లాడే పని కదా, అలసిపోయారని నేనూ కదిలించేదాన్ని కాదు.

ఆ తర్వాత ప్రతి ఓడకూ ఇదే వరస. సంతకు వెళ్లిన దారిలో ఎవరైనా ఆయన చొక్కా తొడుక్కుని ఎదురుపడితే ఎలా ఉంటుందో అలా ఉండేది. లాప్ మంచివాడు. నన్ను చూస్తే తల దించుకుని, అక్కా ఒంట్లో బాగుందా అని అడిగేవాడు. బాగుందనేదాన్ని.

నెల తిరిగాక నది పొంగి వంతెన అవతల వీధులు మునిగాయి. బడికి సెలవిచ్చారు. మోకాలి లోతు నీళ్లలో సైకిలు నడిపించుకుంటూ మధ్యాహ్నానికి ముందే ఇల్లు చేరాను. ఆ రోజు ఓడ లేదు. అయినా వంటింట్లోంచి లాప్ గొంతు వినిపించింది. తలుపు వారగా వేసి ఉంది.

అత్తగారు పీట మీద కూర్చుని అరిటాకులు తుడుస్తున్నారు. లాప్ ఆవిడ ఎదురుగా నిలబడి పెళ్లిచూపుల కథ చెబుతున్నాడు. ఇంగ్లీషులో. మా అత్తగారికి ఆ భాషలో ఒక్క ముక్క రాదు.

"ఆగు," అన్నారు ఆవిడ. "అక్కడ పరిగెత్తావు. వాడు అలా పరిగెత్తేవాడు కాదు. అక్కడ చెయ్యి ఇలా పైకెత్తి ఊరుకునేవాడు. వంటింట్లోకి ఏ చప్పుడూ వచ్చేది కాదు. ఆ తర్వాత చెప్పేవాడు. అప్పుడొచ్చేది నవ్వు, గిన్నెలు అదిరేలా."

"ఎంతసేపు ఊరుకోవాలి మామ్మా?"

"ఒక ఆకు మడిచి దారం కట్టేంతసేపు. ఏదీ, మళ్లీ మొదటినుంచీ చెప్పు."

అతను మళ్లీ చెప్పాడు. ఆవిడ ఆకు మడిచారు. దారం కట్టారు. తల ఊపారు. అతను చివరి మాట చెప్పాడు. ఆవిడ నవ్వలేదు గాని, ముఖంలో ఏదో సర్దుకున్నట్టయింది. నేను తడి చెప్పులతోనే నా గదిలోకి వెళ్లిపోయాను.

లాప్ వెళ్లాక వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. నాకు గొంతు పెంచి మాట్లాడే అలవాటు లేదు. బడిలో కూడా నెమ్మదిగానే చెబుతాను, పిల్లలే నిశ్శబ్దమవుతారు. ఆయన మాటలు ఎవరికి పడితే వాళ్లకు ఎరువిచ్చే సామాను కాదు అత్తయ్యా అన్నాను. ఆవిడ తలెత్తలేదు.

"నీతో ఏం మాట్లాడేవాడే వాడు ఇంట్లో?" అన్నారు ఆకు తుడుస్తూనే. "నాతో అయితే, అమ్మా అన్నం పెట్టు, అమ్మా పడుకుంటున్నా. అంతే. మాటలన్నీ వాళ్లకే పెట్టాడు. నేను ఈ తలుపు వెనక కూర్చుని పన్నెండేళ్లు విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదనుకో. వాళ్లెక్కడ నవ్వుతారో నాకు తెలుసు."

నా కోపం మాత్రం అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సంవత్సరీకానికి మూడు రోజుల ముందు ఆఫీసు అమ్మాయి ఫోను చేసింది. సముద్రం పోటుమీదుందనీ, చతుర్దశి నాడు రావలసిన ఓడ రేవుకు ఆనలేకపోతుందనీ, ముందు వేరే రేవు చూసుకుని పున్నమి మర్నాడు వస్తుందనీ చెప్పింది. ఆ మాట చెప్పడానికి చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడింది. హోటలుకు తీసుకెళ్లండి అన్నాను.

"అక్కా, పొద్దున మామ్మగారికి ఫోను చేశామక్కా. ఆవిడ రమ్మన్నారు."

ఆ రోజు రుతుపవనాల పాఠం ఎలా చెప్పానో నాకు గుర్తు లేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు రొయ్యలు ఒలుస్తున్నారు.

"ఒక్క రోజు అడిగాను," అన్నాను. "ఏడాది మొత్తంలో ఒక్క రోజు."

"పొద్దున వాడికి పెడదాం. మధ్యాహ్నం వాళ్లకి. ఎవరి వేళ వాళ్లది. నీకేం అడ్డం?"

"ఆయన వాళ్ల కోసమే పోయారు అత్తయ్యా. నొప్పి వస్తుంటే కూడా వాళ్లకు ఓడ తప్పిపోతుందని పరిగెత్తారు. ఆ ఓడ ఆయన కోసం ఒక్క నిమిషం ఆగిందా?"

ఆవిడ రొయ్య తల తుంచి పక్కన పెట్టారు. ఇంకోటి తీసుకున్నారు.

"నువ్వు ధూపం వేస్తావు," అన్నారు. "వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెడతావు. నేను పెట్టకూడదు. కన్నది నేను, పెద్దదాన్ని. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు మొక్కకూడదు. నేను చెయ్యగలిగింది వండటం ఒక్కటే. ఎంతమందికి వండాలో నన్నే చూసుకోనీ."

ఆ రాత్రి వంట గురించి తప్ప మేం వేరే మాట అనుకోలేదు.

ముందురోజు సాయంత్రం బియ్యప్పిండి ఉడికించడానికీ, ఆకుల్లో పరిచి చుట్టడానికీ నేనూ కూర్చున్నాను. రొయ్యల కూర పొయ్యి మీద ఉడుకుతుంటే ఏదో ధ్యాసలో గరిటె నోటి దగ్గరికి తెచ్చాను. అత్తగారు నా మణికట్టు మీద ఒక్కటేశారు. సంవత్సరీకం వంట పోయినవాళ్లు తిన్నాకే మనం తినాలి. ఉప్పూ పులుపూ నాలికతో చూడకూడదు, చేత్తోనే తెలియాలి. ఆవిడ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. పొయ్యి వెలుగులో ఆవిడ పెదవులు కదులుతున్నాయి. పూజ మాటలు కావు. ఒక ఆకు మడిచేంతసేపు ఆగి, మళ్లీ కదులుతున్నాయి.

తెల్లవారినా వాన పట్టు వదల్లేదు. పూజ మాటలు చదవవలసిన ఖియెమ్ చిన్నాన్న నది అవతలినుంచి రావాలి. నది ఒడ్డు దారి మునిగి, ఆయన పడవ వెతుక్కుని, ప్యాంటు మడిచి పట్టుకుని వచ్చేసరికి మేం అనుకున్న వేళ ఎప్పుడో దాటిపోయింది. పళ్లేలన్నీ పీఠం మీద సర్దాం. అత్తిపండ్ల కూర, తామరగింజల పాయసం, చిన్న గిన్నెల్లో అన్నం, ఆయన తాగే టీ. వెదురు బుట్టల్లో బాన్ నామ్ మొత్తం పీఠం కిందే పెట్టించారు అత్తగారు. ఓడవాళ్లవి వంటింట్లో ఉంచుదామంటే వినలేదు. వంటంతా ఒక్కటే వంట, వాడు ముట్టకుండా ఒక్క ఆకు కూడా బయటికి పోదన్నారు.

నేను మూడు అగరొత్తులు వెలిగించి గుచ్చాను. చిన్నాన్న చదవడం పూర్తి చేశారు. అగరొత్తి చివరిదాకా కాలితే పోయినవాళ్లు భోంచేసినట్టు. ఆ తర్వాతే పళ్లేలు దించాలి.

పావువంతు కాలి, మూడూ ఆరిపోయాయి.

వారాలుగా ఎండ లేదు. ఇంట్లో దుప్పట్లు, పుస్తకాలు, అగ్గిపెట్టెలు అన్నీ చెమ్మగిలి ఉన్నాయి. అగరొత్తులకు మాత్రం చెమ్మ ఎందుకు పట్టదు. మళ్లీ వెలిగించాను. మళ్లీ పొగ సన్నబడి ఆగింది. చిన్నాన్న గొంతు సవరించుకున్నారు. ఆడపడుచులిద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. వాడు రాలేదేమో అని ఎవరూ పైకి అనలేదు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, కొత్త కట్ట పొయ్యి దగ్గర కాచి తెచ్చి నా చేతికిచ్చారు. ఆవిడ ముట్టించకూడదు. మూడోసారి వెలిగించాను. ఎర్రటి చుక్కలు మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టాయి.

అప్పుడు వీధిలో బస్సు ఆగింది.

సముద్రపు పోటు వల్ల ఓడ రేవులో ఆలస్యంగా ఆనింది. తిరిగి కదిలే వేళ మాత్రం మారలేదు. కోటలో సగమే చూసి, సమాధి మానుకుని, తిన్నగా భోజనానికి తెచ్చాడు లాప్. తడిసిన ప్లాస్టిక్ కోట్లతో అందరూ అరుగెక్కారు. బల్లల ముందు కూర్చున్నారు. ఖాళీ గిన్నెలు, చాప్‌స్టిక్‌లు ముందున్నాయి. ఎదురుగా పీఠం మీద తిండి కనబడుతోంది, వాసన వస్తోంది. ఒకావిడ దాన్ని ఫోటో తీసింది. ఒకతను చెయ్యి కడుక్కుని కూడా వచ్చాడు.

లాప్ నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, ఇవాళ బొత్తిగా టైము లేదు. ఆ పైవి ఉండనీండి, ఈ బుట్టలు మాత్రం..."

నేను తల తిప్పి అత్తగారివైపు చూశాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆవిడ సరేనని ఉంటే బాగుండుననిపించింది. వాళ్లు త్వరగా తిని పోతారు, ఇల్లు నాదవుతుంది.

"ఇంకా తింటున్నాడు," అన్నారు ఆవిడ. "నువ్వు కబుర్లు చెప్పరా. నీ పనే అది కదా."

లాప్ చెప్పాడు. రాజుల కబుర్లు, వాన కబుర్లు, ఇల్లు మేకు లేకుండా కట్టిన సంగతి. జనం గడియారాలు చూసుకుంటున్నారు. అగరొత్తులు సగానికి వచ్చాయి. ఇక అతని దగ్గర పెళ్లిచూపులే మిగిలాయి. మొదలుపెట్టాడు. రెండుసార్లు వద్దన్నారు అన్నాడు. చెయ్యి పైకెత్తి ఆగాడు. ఆ ఆగడంలో ఎదురుగా పొగ వెనక ఉన్న ఖియెమ్ పటం మీద అతని చూపు పడింది. చెయ్యి అలాగే ఉండిపోయింది. మాట రాలేదు. ఆకు మడిచి దారం కట్టేంతసేపు దాటిపోయింది, ఇంకా దాటిపోయింది.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఆగిపోయాడేమే? సువాంగ్, నీకు వచ్చు కదా ఆ భాష. చూస్తూ కూర్చున్నావేం?"

ఆ ఓడల కాలమంతా నేను ఆ మనుషులతో ఒక్క మాట మాట్లాడలేదు. చాప మీదినుంచి లేచాను. చీపురుపుల్లలా నిలబడి, క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

"అది నిజం కాదు. ఆ అమ్మాయిని నేనే. ఆయన వద్దనలేదు. మా అమ్మ మొదటిసారి అడగ్గానే కూర్చున్నారు. నాలుగు గిన్నెలు తిన్నారు. మా అమ్మ మళ్లీ పొయ్యి వెలిగించాల్సి వచ్చింది."

ఎక్కడో వెనక ఒకతను పెద్దగా నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. నేను ఆగాలనుకోలేదు, నవ్వు వల్ల ఆగాల్సి వచ్చింది.

"మర్యాద తెలియని మనిషి, ఈ సంబంధం వద్దన్నారు మా నాన్న. నేను అడిగాను. వద్దన్నారు. మళ్లీ అడిగాను. వద్దన్నారు. మూడోసారి అడిగాను."

ఎవరూ నవ్వలేదు. నాకూ అందులో నవ్వవలసింది కనిపించదు. ఈ సంగతి ఖియెమ్‌కు నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదనుకునేదాన్ని. పటంలోకి చూడకుండా కూర్చున్నాను.

"నవ్వు ముందే వచ్చేసిందే," అని గొణిగారు అత్తగారు. "అక్కడ కాదు అది."

లాప్ ముఖం తుడుచుకుని గడియారం చూశాడు. ఇక ఒక్క నిమిషం కూడా ఆగలేం, దారిలో నీళ్లున్నాయి అన్నాడు. అందరూ లేచారు. కొంతమంది పీఠంవైపు తలవంచి వెళ్లారు. కొంతమంది విసుక్కుంటూ వెళ్లారు. వాళ్లది తప్పని నేననను. బూట్లు తొడుక్కుంటున్న చప్పుడు మధ్య అగరొత్తుల చివరి బూడిద రాలింది.

నేను కోరుకున్నది అదే. వాళ్లు పోతున్నారు, ఇల్లు ఖాళీ అవుతోంది. కానీ బల్లల మీద గిన్నెలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. సంవత్సరీకం ఇంటికి వచ్చినవాళ్లు తినకుండా మెట్లు దిగడం నేనెప్పుడూ చూడలేదు.

అత్తగారు అప్పటికే వెదురు బుట్ట ఎత్తి నా నడుముకు ఆనించారు. "తినేశాడు. ఎక్కు."

"ఎక్కడికి?"

"బస్సు. పో. ఇవి ఆకుల్లో ఉన్నాయి, ఎక్కడైనా తినొచ్చు."

నేను చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. బాంగ్ అన్న తలుపు వేయబోతూ నన్ను చూసి ఆగాడు. రెండో బుట్ట ఆయనే అందుకున్నాడు.

వంతెన దాటాక బస్సు కుదుటపడింది. ముందు సీటులో ఉన్న ముసలాయన ముందు బుట్ట పెట్టి, తినండి అన్నాను. ఆయన నావైపు చూశాడు. భార్యవైపు చూశాడు. అరచెయ్యి గుండెకు ఆనించి, వద్దండీ, థాంక్స్, అన్నాడు. మళ్లీ అడిగాను. తల అడ్డంగా ఊపాడు. కళ్లు మాత్రం బుట్టలోనే ఉన్నాయి. అప్పుడర్థమైంది నాకు. మూడోసారి అడిగాను. తీసుకున్నాడు.

ఆ బస్సులో ప్రతి ఒక్కరినీ మూడేసి సార్లు అడగాల్సి వచ్చింది. కొందరు నవ్వాపుకోలేక రెండోసారికే చెయ్యి చాపారు, పక్కవాళ్లు ఆ చెయ్యి మీద కొట్టారు. ఆకులు విప్పుతుంటే బస్సంతా అరిటాకు వాసన వచ్చింది. చాలా బాగుంది, చాలా బాగుంది అని వెనకనుంచి ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. నాకు మాత్రం ఆ మంచితనం కూడా చిరాకుగానే ఉంది. ఇంత తేలికైన మాటకు పన్నెండేళ్లు ఆయన ఎన్నిసార్లు ఊపిరి ఖర్చు పెట్టి ఉంటారో.

రేవులో ఓడ మేడలా నిలబడి ఉంది. లాప్ మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి ఊపాడు. నేను బస్సు దిగలేదు. అతను తిరిగి వచ్చి, భోజనం పెట్టలేదని కంపెనీకి చెప్పకుండా ఉండరక్కా, అన్నాడు. చెప్పారు కూడా. టెట్ దాకా వచ్చినవే మా ఇంటికి చివరి బస్సులు. మరుసటి ఏడు జాబితాలో మా ఇల్లు లేదు. కానీ ఆ సాయంత్రం అదేమీ మాకు తెలియదు.

తిరుగు దారిలో గైడు సీటు నాకిచ్చి లాప్ వెనక కూర్చున్నాడు. ఉప్పునీటి సరస్సు పక్కకు రాగానే బాంగ్ అన్న బస్సు నెమ్మది చేశాడు. ఒడ్డున ఆపాడు. వాన తగ్గి నీళ్లు బూడిదరంగులో మెరుస్తున్నాయి. వలల కర్రలు వరసగా కనిపించాయి. భూగోళం టీచరును, ఆ సరస్సు లోతు పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. దాని ఒడ్డున ఆగడం అదే మొదలు.

బుట్ట అడుగున కొన్ని మిగిలాయి. పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. లాప్‌కు ఒకటి, బాంగ్ అన్నకు ఒకటి ఇచ్చి, నేనొకటి విప్పాను.

ఉప్పు లేదు. పిండిలో లేదు, రొయ్యల్లో లేదు. ఒక్క రవ్వ కూడా లేదు.

నమిలాను. మింగాను. బస్సెడు మనుషులు చాలా బాగుందన్న తిండి అది.

"ఎలా ఉంది అన్నా?" అన్నాను.

బాంగ్ అన్న దారివైపే చూస్తూ, "అమ్మగారి చేతి వంటకేం టీచరుగారూ," అన్నాడు. వెనకనుంచి లాప్ కూడా బాగుందక్కా అన్నాడు. అతని గొంతులో ముద్ద ఇంకా దిగినట్టు లేదు.

ఇల్లు చేరేసరికి చుట్టాలు వెళ్లిపోయారు. పీఠం ఖాళీగా, తుడిచి ఉంది. అత్తగారు వంటింట్లో పీట మీద కూర్చుని ఉన్నారు. ముందు ఒక ఆకు విప్పి ఉంది, సగం తిన్నది.

"ఏమన్నారు?" అన్నారు.

"బాగుందన్నారు."

"అందరూ?"

"అందరూ."

"నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

"ఎలా ఉంది?"

ఆకు వైపు చూశాను. ఆవిడ ముఖం వైపు చూశాను. "బాగుంది అత్తయ్యా," అన్నాను.

ఆవిడ ఆ ఆకు అంచు మడిచి, మళ్లీ విప్పారు. చూరునుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏమిట్రా అంటే ఏం లేదమ్మా అన్నాడు," అన్నారు చివరికి. "అల్లం టీ తాగాడు. గిన్నె కడిగి మరీ బోర్లించాడు. చెప్పలేదు. వాడి రోగం నీకంటించి పోయాడు."

నేను ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. మిగిలిన సగం ఆకు నా వైపు లాక్కున్నాను.

"ఉప్పు లేదు," అన్నాను. "ఒక్క రవ్వ కూడా లేదు. నోట పెట్టుకోలేకపోయాను అత్తయ్యా. ఇవాళ్టి రోజంతా అసలేం బాగాలేదు."

ఆవిడ చెయ్యి చాపి, అరలోంచి ఉప్పు గిన్నె తీసి మా ఇద్దరి మధ్య పెట్టారు.

"అలా చెప్పు," అన్నారు.